వేలితో జరిపిన బెంచీలు

"ఆమోదం పొందిందట! ఎవరు ఆమోదించారు? నేనా? నువ్వా? ఆలికె పాస్టరమ్మా?"

మా బావ సీట్సె తడిసిన కోటు విప్పకుండానే వంటింటి మధ్యలో నిలబడి, ఫోనును నా ముక్కు ముందు ఆడించాడు. కోటు అంచుల నుంచి కారిన నీళ్ళు నా భార్య చిట్స్కె చక్రాల కుర్చీ కిందికి చేరుతున్నాయి. ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తల ఎత్తలేదు.

ఫోనులో మా చర్చి ఉంది. పైనుంచి చూస్తున్నట్టు గీసిన బొమ్మ. ప్రసంగ వేదిక, ఆర్గాను, రెండు వైపులా బెంచీలు, మధ్యలో సన్నటి నడవ. ఏ బెంచీ మీద వేలు పెట్టి లాగినా ఆ బెంచీ జరుగుతుంది. బొమ్మ నెత్తిన ఆకుపచ్చ పట్టీ, దాని మీద తెల్లటి అక్షరాలు: 'సంఘ పెద్దల ఆమోదం పొందినది. పనులు ఈస్టర్ తరువాత మొదలు.'

"నిన్నటి నుంచి ఫోను మోగుతూనే ఉంది. రొట్టెల కొట్టు ఇట్చె ఏమంటుందో తెలుసా? పాత బెంచీలు పారేసేటట్టయితే ఒకటి నాకివ్వు సీట్సె, కొట్టు ముందు వేసుకుంటాను అంటుంది. నా చర్చిలో బెంచీలు పీకేస్తున్నానని నాకే తెలీదు!"

"నీ చర్చి కాదు బావా, ప్రభువుది," అన్నాను మెల్లగా.

"సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. జనం ఫోను చేసేది నాకు, ప్రభువుకి కాదు!"

బల్ల దగ్గర లాప్‌టాప్ వెనక కూర్చున్న మా అమ్మాయి నిన్కె చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ మాట నేను రాయలేదు మామయ్యా."

"మరి దయ్యం రాసిందా?"

"ఏఐ రాసింది."

సీట్సె నా వైపు చూశాడు, ఇదేనా నువ్వు పెంచిన పిల్ల అన్నట్టు.

"కోప్పడకుండా వినండి. నా ఉద్యోగమే ఇది. లేవార్డెన్ పట్నంలో మా ఆఫీసులో రోజంతా చేసేది ఇదే. నాకు కావలసింది మామూలు మాటల్లో చెప్తాను, అది కోడ్ రాసి బొమ్మ చేసి ఇస్తుంది. బెంచీలు జరిగేలా చెయ్యి అన్నాను, చేసింది. చక్రాల కుర్చీ తిరగాలంటే ఎంత చోటు కావాలో గుండ్రంగా చూపించు అన్నాను, చూపించింది. పైన ఒక పట్టీ పెట్టు అన్నాను. అందులో ఏం రాయాలో చెప్పలేదు. దాంతో అదే ఏదో నింపేసింది. నమూనాల్లో ఎప్పుడూ ఇలాంటి ఉత్తుత్తి మాటలే ఉంటాయి. మేమెవరమూ వాటిని చదవం."

"మీరు చేసినదాన్ని మీరే చదవరా?"

"చూస్తాం మామయ్యా. చదవం."

నాకు ఈ మాట వింతగా తోచింది. అది అబద్ధం ఆడిందా అని ఆలోచించాను. మా చర్చిని అది ఎన్నడూ చూడలేదు, మా పెద్దల పేర్లు దానికి తెలియవు. ఖాళీ కనబడింది, నింపింది. ప్రార్థనలో మాట తోచనప్పుడు మనం కూడా అలవాటైన మాటలతోనే ఖాళీ పూడుస్తాం కదా. మరి తప్పు నింపినవాళ్ళదా, చదవనివాళ్ళదా? నాకు తేలలేదు.

"సరే, యంత్రం రాసింది, నువ్వు చదవలేదు. ఊరంతటికీ ఎవరు పంచారు?"

నిన్కె వాళ్ళమ్మ వైపు చూసింది.

"నేను," అంది చిట్స్కె.

చాకు బల్ల మీద పెట్టింది.

"నాకు చూపిద్దామని పంపింది పిల్ల. నేను చదివాను అన్నయ్యా. పైనుంచి కింద దాకా చదివాను. ఆమోదం అని ఉంది. నిజమే అనుకున్నాను. మంగళవారం కాఫీకి కలుస్తామే, ఆ ఆడవాళ్ళందరికీ పంపాను. సంతోషం పట్టలేక పంపాను."

బయట వాన కిటికీని కొడుతూనే ఉంది.

ఆవిడ సంతోషం ఎందుకో మా ముగ్గురికీ తెలుసు. కాళ్ళు పట్టు తప్పినప్పటి నుంచి చర్చిలో ఆవిడ చోటు వెనక, తలుపు పక్కన, గొడుగులు పెట్టే చోట. నడవలో కుర్చీ ఆపితే దారికి అడ్డం. బెంచీల్లోకి తిప్పుదామంటే ప్రతి బెంచీకీ ఒక చిన్న చెక్క తలుపు, మా తాతల నాటిది. నేను సంఘ పెద్దను కాబట్టి వేదిక పక్క పెద్దల బెంచీలో జనానికి ఎదురుగా కూర్చుంటాను. ప్రసంగం మొదలవగానే ప్రతి బెంచీలోనూ పిప్పరమెంటు బిళ్ళలు చేతులు మారుతాయి. తలుపు దాకా ఎప్పుడూ రావు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తలుపు తీసినప్పుడల్లా ఆవిడ శాలువా లాక్కోవడం మాత్రం నాకు కనబడుతుంది.

"అయితే ఆమోదం లేదన్నమాట," అంది చిట్స్కె.

"చూడు చెల్లీ, ఇలాంటి వాటికి ఒక పద్ధతి ఉంది. ముందు సంఘంలో మాట్లాడాలి, తర్వాత..."

"సరే అన్నయ్యా."

"సరే అంటే?"

"సరే అంటే సరే. రేపు నేను రాను. ఆరాధన ఇంట్లోనే తెర మీద చూసుకుంటాను. ఇక్కడైతే చలిగాలి రాదు."

"వచ్చే వారం వస్తావు కదమ్మా?" అడిగింది నిన్కె.

చిట్స్కె మళ్ళీ చాకు తీసుకుంది. "ఈ బంగాళాదుంపలు చూడు, అన్నీ కన్నాలే," అంది.

సీట్సె కోటు విప్పాడు. కోపం పోయి కాదు, ఏం చేయాలో తోచక. నేను కాఫీ పోశాను. మా వైపు ఒక కప్పుతో లేచి వెళ్ళడమంటే తగవు పెట్టుకుని వెళ్ళడమే. రెండో కప్పు దాకా కూర్చోక తప్పదు. చక్కెర రొట్టె కోసి, వెన్న దట్టంగా రాసి ముందు పెట్టాను. తిన్నాడు.

"ఆ పట్టీ తీసేస్తున్నాను," అంది నిన్కె. చేతులు టకటక ఆడాయి. చూస్తూండగానే ఆకుపచ్చ పట్టీ పోయి తెల్ల పట్టీ వచ్చింది. 'ఇది ఆలోచన మాత్రమే. ఎవరూ ఏదీ నిర్ణయించలేదు.'

"చదివావా?" అడిగాడు సీట్సె.

"చదివాను మామయ్యా. పైకి కూడా చదవమంటారా?"

"వెటకారాలొద్దు. అసలు మొత్తం తీసి పారెయ్యి."

"తీసేస్తాను. అంతకు ముందు ఇవి చూడండి. నచ్చినట్టు జరుపుకుని దాచుకోవడానికి ఒక మీట పెట్టాను. అమ్మ కోసం పెట్టింది. ఊళ్ళో వాళ్ళంతా నొక్కేశారు."

లాప్‌టాప్ మా వైపు తిప్పింది.

ఒకరు ప్రసంగ వేదికను జరిపి జరిపి బయటి తలుపు దాకా తెచ్చి, కింద 'పాస్టరమ్మ త్వరగా ముగిస్తే అందరికంటే ముందు ఇంటికి పోవచ్చు' అని రాశారు. ఇట్చె ఆర్గాను కింద కాఫీ బల్ల వేసింది. కుర్రకారు బెంచీలన్నీ గుండ్రంగా పేర్చారు, పుట్టినరోజు నాడు హాల్లో కుర్చీలు వేసుకున్నట్టు. ఒక మహానుభావుడు పెద్దల బెంచీని గోడవైపు తిప్పి పెట్టాడు.

నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వు, నవ్వు. నువ్వు కూర్చునేదీ ఆ బెంచీలోనే," అన్నాడు సీట్సె.

"గోడవైపు తిప్పితే నిద్రపోయినా ఎవరికీ కనబడదు బావా."

చిట్స్కె పెదవి వంపు ఒక్క క్షణం మారింది. నేను చూశాను. సీట్సె కూడా చూశాడు. అందుకేనేమో కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఈ స్తంభం ఇక్కడ కాదు," అన్నాడు, తెర మీద లావుపాటి వేలు గుచ్చి. వేలు తగలగానే ఒక బెంచీ జర్రున జారి ఆర్గానుకు గుద్దుకుంది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇదేంటి, ఊపిరి తగిలినా పరిగెడుతోంది!"

"మెల్లగా మామయ్యా. స్తంభం ఎక్కడుండాలి?"

"ఇంకొంచెం తూర్పుకి. బెంచీ చివరికి ఆనుకుని."

నిన్కె ఆ మాటలే యథాతథంగా దానికి చెప్పింది. స్తంభం జరిగింది. సీట్సె కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"కిటికీలు మరీ చిన్నవిగా గీసింది."

కిటికీలు పెరిగాయి.

"బెంచీ తలుపులు లోపలికి తెరుచుకుంటున్నాయేంటి? మన తలుపులు నడవలోకి తెరుచుకుంటాయి. ఏ ఊరి చర్చి చూసి గీసిందో నీ యంత్రం!"

"ఏ ఊరిదీ చూడలేదు మామయ్యా. దానికి మీరు చెప్తేనే తెలిసేది."

ఈ మాట మా బావకు నచ్చినట్టుంది. ఇంట్లోగానీ సంఘంలోగానీ ఆయన చెప్పగానే ఏదీ మారదు. ఇక్కడ ఆయన నోటి నుంచి మాట వెలువడడం, బొమ్మ సర్దుకోవడం. రెండో కప్పు అయిపోయి మూడోది పోసినా గమనించలేదు. ఒకసారి "అలాక్కాదు నాయనా, ఇలా" అని ఆ యంత్రంతోనే నేరుగా మాట్లాడాడు.

"ఇప్పుడు చిట్స్కె కుర్చీ పెట్టు," అన్నాడు తనే.

నిన్కె ఒక చిన్న గుండ్రాన్ని నడవలోకి లాగింది. కుర్చీ తిరగలేని చోట ఆ గుండ్రం ఎర్రబడుతుంది, తిరగగలిగితే ఆకుపచ్చ. తలుపులు సరిచేశాక ఎక్కడ పెట్టినా ఎరుపే. ఒక్కొక్క బెంచీ తీసి చూశారు. వెనకవి తీస్తే స్తంభం అడ్డం. ముందువి తీస్తే వేదిక మెట్లు. కుడివైపు మూడో బెంచీ పక్కకు లాగినప్పుడు మాత్రం గుండ్రం ఆకుపచ్చగా వెలిగింది.

"ఊళ్ళో వాళ్ళు పంపినవాటిల్లో వేళాకోళాలు పోగా మిగిలినవాళ్ళూ ఈ బెంచీనే తీశారు," అంది నిన్కె మెల్లగా.

సీట్సె వేలు గాలిలో ఆగిపోయింది.

"అది అమ్మ బెంచీ," అన్నాడు.

చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అమ్మ పోయాక పెద్దల బెంచీ కూడా వదిలి ప్రతి ఆదివారం నేను అక్కడే కూర్చుంటున్నాను. ఇంకో చోట కూర్చుంటే నాకు పాట కూడా నోటికి రాదు. వేరే ఏ బెంచీ అయినా అడగండి."

"అమ్మ నాకూ అమ్మే అన్నయ్యా," అంది చిట్స్కె.

గట్టిగా అనలేదు. బంగాళాదుంపల గిన్నె వైపు చూస్తూ అంది.

సీట్సె లేచాడు. కోటు తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. రొట్టె ముక్క సగం కొరికినది పళ్ళెంలోనే ఉంది. తలుపు దగ్గర ఆగి ఏదో అనబోయి, "వాన తగ్గింది," అని వెళ్ళిపోయాడు.

వాన తగ్గలేదు.

"ఎక్కువ అన్నానా?" అడిగింది చిట్స్కె.

"లేదమ్మా," అంది నిన్కె.

"కొంచెం," అన్నాను నేను.

ఇద్దరం ఒకేసారి అనడంతో ముగ్గురికీ నవ్వు వచ్చింది. కానీ ఆవిడ నవ్వు ముందుగా ఆగిపోయింది.

ఆదివారం పొద్దున నేను నల్ల సూటు వేసుకుని టై కట్టుకుంటున్నాను. చిట్స్కె ఇంటి గౌనులోనే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ట్యాబ్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకుంది.

"ఏమండీ, మీరు వెళ్ళండి. పెద్దలు ఆలస్యంగా వెళ్తే బాగుండదు."

"నువ్వు లేకుండా అక్కడ ఎదురుగా కూర్చుని ఎవర్ని చూడాలి?"

"ఇట్చెని చూడండి. కొత్త టోపీ కొనుక్కుంది."

బలవంతం చేసి చర్చికి తీసుకెళ్ళడం భక్తి అవుతుందా? ఇంట్లో వదిలి నేనొక్కణ్ణే వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంటే అదేం భక్తి? టై ముడి రెండుసార్లు తప్పింది.

"నాన్నా, ఇలా రండి! త్వరగా!" నిన్కె కేక వేసింది.

ప్రసారం అప్పుడే మొదలైపోయింది. కెమెరా చూసే అబ్బాయి పరీక్ష కోసం ముందుగా పెట్టి మరిచినట్టున్నాడు. తెర మీద ఖాళీ చర్చి. ఆ ఖాళీ నడవలోకి, ఎడమ పక్క నుంచి, ఒక చక్రాల కుర్చీ వచ్చింది.

అందులో సీట్సె కూర్చుని ఉన్నాడు. ఆదివారపు నల్ల సూటు, మెరిసే బూట్లు. చర్చి పక్కన ముసలివాళ్ళ ఆశ్రమంలో కుర్చీ అడిగి తెచ్చుకున్నట్టున్నాడు, వెనక దాని పేరు రాసి ఉంది.

"అన్నయ్యా?" అంది చిట్స్కె, ట్యాబ్‌తో.

కుర్చీ కొంతదూరం తిన్నగా వచ్చి, వంకర తిరిగి, తెరిచి ఉన్న బెంచీ తలుపుకు ధడాలున తగిలింది. వెనక్కి తీద్దామంటే రెండో పక్క తలుపు. మా సంఘాధ్యక్షుడు రెండు తలుపుల మధ్య ఇరుక్కున్నాడు. నోటి నుంచి ఒక మాట వచ్చింది, ఆ గోడలు మా బావ నోట ఎన్నడూ విని ఉండని మాట.

"పాస్టరమ్మా, మీరు విన్నారా?" అన్నాడు భయంగా.

"ఏమీ వినలేదు సీట్సె గారూ," ఆలికె పాస్టరమ్మ గొంతు ఎక్కణ్ణించో వినిపించింది.

"ఎడమ చక్రం పట్టుకో! ఎడమది పట్టుకుని కుడిది తిప్పు!" చిట్స్కె బల్ల మీద కొట్టింది. "అయ్యో, రెండూ తిప్పుతాడేంటి ఈ మనిషి!"

"ఆయనకి వినబడదమ్మా."

"వినబడదని నాకు తెలియదా!"

ఎలాగో విడిపించుకుని, వెనక్కి వెనక్కి వెళ్ళి, తలుపు పక్కన గొడుగుల దగ్గర ఆగాడు. ఆవిడ చోటులో. కాసేపు అక్కడే కూర్చున్నాడు. ఎవరో తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. సీట్సె కోటు మెడ పైకి లాక్కున్నాడు. మెడ చాచి వేదిక వైపు చూశాడు, ఇటు వంగి, అటు వంగి.

"ఇక్కణ్ణించి మీ తల సగమే కనబడుతోంది పాస్టరమ్మా," అన్నాడు. "ఇన్నాళ్ళూ చిట్స్కె ఈ సంగతి చెప్పనే లేదు."

"అడిగావా?" అంది చిట్స్కె.

సీట్సె కుర్చీలోంచి లేచాడు. మూడో బెంచీ దగ్గరికి నడిచాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

నేను బల్ల పట్టుకున్నాను. మా ఇళ్ళల్లో ఆదివారం ప్రభువు దినమని గడ్డి కోయం, బట్టలు ఉతకం. సీట్సె అయితే సైకిలు కూడా ఎక్కడు, ఎంత వానైనా చర్చికి నడిచే వస్తాడు. ఆ మనిషి ఆదివారం పొద్దున చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని మరలు విప్పుతున్నాడు. పని ఏదో, ఆరాధన ఏదో అంతదాకా నాకు బాగా తెలుసనుకున్నాను.

అంతలో కెమెరా అబ్బాయికి మెలకువ వచ్చినట్టుంది. తెర మారి, 'ఆరాధన కాసేపట్లో' అన్న అక్షరాలు, వెనక ఒక పూల బొమ్మ మిగిలాయి.

"నా నీలం కోటు ఏదీ?" అంది చిట్స్కె.

"అమ్మా, లోపల గౌను..."

"కోటు గుండీలు పెడితే ఎవరికి కనబడుతుంది! కుర్చీ తిప్పడమే రాని మనిషి బెంచీ ఏం విప్పుతాడు? మీరు నిలబడ్డారేంటండీ, తొయ్యండి!"

తోశాను. నిన్కె పక్కన పరుగెత్తింది. గాలి ఎదురుగా కొడుతోంది, చిట్స్కె జుట్టంతా రేగింది, "ఇంకా త్వరగా" అంటోంది. పెళ్ళయిన కొత్తలో మంచు మీద జారుతూ వెళ్ళినప్పుడు కూడా ఇలాగే అనేది.

చర్చి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సంఘమంతా నిలబడే ఉంది. నడవకు రెండు పక్కలా బెంచీల్లో నిలబడిన మనుషులు, మధ్యలో వాళ్ళ చేతుల మీద మూడో బెంచీ. ఒక చివర సీట్సె. ఇంకో చివర ఆలికె పాస్టరమ్మ, నల్ల అంగీ చేతులు మోచేతుల దాకా మడిచి. కొత్త టోపీ పక్కకు ఒరిగిపోయిన ఇట్చె మధ్యలో.

ఎవరూ కదలడం లేదు.

"ఏమైంది?" అడిగాను.

"దీన్ని ఎక్కడ పెట్టాలి?" అన్నాడు సీట్సె. మొహం కందిపోయి ఉంది.

నేను నిన్కె వైపు చూశాను. నిన్కె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తెర మీద బెంచీని గోడ దాటించి వదిలేస్తే మాయమవుతుంది. నిజం బెంచీ ఓకు చెక్కది, మాయం కాదు. దాన్ని పెట్టే చోటు గురించి యంత్రమూ ఆలోచించలేదు, ఊళ్ళో వేలితో లాగినవాళ్ళెవరూ ఆలోచించలేదు. ఉన్నది ఒకటే దారి, బయటికి. ఆ దారిలో చిట్స్కె ఉంది.

చర్చి గంట మోగడం మొదలైంది.

"చెల్లీ, కొంచెం వెనక్కి జరుగు. దీన్ని బయటికి తెస్తాం."

చిట్స్కె వంగి చక్రాలకు బ్రేకు వేసింది.

"జరగను. వెనక్కి జరిగింది చాలు. ఎత్తండి పైకి."

"ఏంటి?"

"ఎత్తండి అన్నయ్యా. నేను కింద నుంచి వస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. పాస్టరమ్మ "ఒకటి, రెండు" అంది. మూలుగుతూ, నవ్వుతూ అందరూ కలిసి ఎత్తారు. బెంచీ తలల మీదికి లేచింది. చిట్స్కె బ్రేకు తీసి, నా చేతులు తోసేసి, తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ దాని కిందికి వెళ్ళింది. అటూ ఇటూ నిలబడ్డ వాళ్ళు పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నారు.

సరిగ్గా బెంచీ కింద, తన అన్న ఎదురుగా ఆగింది.

"అన్నయ్యా, ఒక్క మాట చెప్పు. ఇది ఈ ఒక్క ఆదివారానికేనా?"

"ముందు కదులు చిట్స్కె. చేతులు పడిపోతున్నాయి."

"ముందు చెప్పు."

గంట ఆగింది. బెంచీ వణుకుతోంది. సీట్సె నుదుటి మీద చెమట జారి కంట్లో పడుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆయన పెద్దల వైపు చూశాడు, పాస్టరమ్మ వైపు చూశాడు, బెంచీ లేని ఆ ఖాళీ వైపు చూశాడు. తర్వాత చెల్లెలి వైపు వంగి, మాకెవరికీ వినబడకుండా ఏదో చెప్పాడు.

చిట్స్కె మొహం నాకు కనబడలేదు. ఆవిడ వీపే కనబడుతోంది. చక్రాల మీద చేతులు కదిలాయి, కుర్చీ బెంచీ తీసిన ఖాళీలోకి తిరిగింది.

పైన ఆర్గాను మొదలైంది.